సంతకం పెట్టని చెయ్యి కోసం ప్రార్థన

మా సంఘంలో ప్రతి ఇంటికీ ఒక ప్రార్థన పుస్తకం ఉంటుంది. అచ్చేసిన పుస్తకం కాదు, మామూలు నోట్‌బుక్కే. ఎడమ పేజీలో మనవి రాసి తేదీ వేస్తాం. కుడి పేజీ ఖాళీగా వదిలేస్తాం. జవాబు వచ్చిన రోజు అక్కడ రెండు ముక్కలు రాసి, కింద తేదీ వేసి, స్తోత్రం చెప్పుకుంటాం. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూడిక జరుగుతుంది. అందరూ ఆ పుస్తకాలు తెచ్చుకుని మనవులు చదువుతారు. మిగతావాళ్లు వాటి కోసం ప్రార్థిస్తారు.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. మనవి చెప్పాలి గానీ ఫిర్యాదు చెప్పకూడదు. మొగుడు తాగొచ్చి గిన్నెలు విసిరేసిన అక్క కూడా "మా ఇంట్ల సమాధానం కోసం ప్రార్థన చెయ్యుండ్రి" అని మాత్రమే అంటుంది. ఎవరు విసిరారు, ఎన్ని గిన్నెలు అని ఎవరూ అడగరు. ప్రార్థన పేరుతో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోకుండా మా పెద్దలు పెట్టిన కట్టడి అది. మంచిదే. కాకపోతే ఆ కట్టడి వల్లే నా సంగతి ఎక్కడికో వెళ్లింది.

డిగ్రీ మొదటి సంవత్సరం నాటి నా నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఎడమ పేజీలన్నీ ఒకే మనిషి ఆక్రమించుకున్నారు. ఆయన మా సంఘస్థుడు కాదు, మా చుట్టమూ కాదు. తన కోసం పెద్దపల్లిలో పదిహేను ఇళ్లవాళ్లు మోకాళ్లూనుతున్నారని కూడా ఆయనకు తెలియదు. ఆయన మా కాలేజీలో నాకు కేటాయించిన సలహాదారు. మెంటర్ సార్ అనేవాళ్లం.

మాది పెద్దపల్లి. బాపు రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పని చేస్తాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఆసుపత్రిలో ఆయా. సంఘంలో మాత్రం స్త్రీల సమాజానికి కార్యదర్శి. నేను రోజూ పొద్దున బస్సెక్కి కరీంనగర్ పోయి చదువుకునేదాన్ని. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ నా సబ్జెక్టులు. పదో తరగతిలో మా బడి టీచరమ్మ ఒక గాజు గొట్టంలో రంగులేని నీళ్లలో రంగులేని చుక్క వేసి గులాబీ రంగు తెప్పించింది. ఆ రోజు నుంచి నాకు కెమిస్ట్రీ తప్ప వేరే ఆలోచన లేదు. డిగ్రీ అవగానే అదే సబ్జెక్టులో ఎమ్మెస్సీ చెయ్యాలని, ఆ టీచరమ్మలా ఒక గొట్టం పట్టుకుని పిల్లల ముందు నిలబడాలని నా కోరిక. ఈ కోరిక నా నోట్‌బుక్కులో మొదటి పేజీలోనే ఉంది.

కాలేజీలో చేరిన మూడో వారం నోటీసు బోర్డు మీద జాబితా పెట్టారు. నా పేరుకు ఎదురుగా బోటనీ, జువాలజీ, కంప్యూటర్ అప్లికేషన్స్ అని ఉంది. నేను రోజూ కూర్చుంటున్నది కెమిస్ట్రీ క్లాసులో. యూనివర్సిటీ వాళ్ల లెక్కలో నేను కంప్యూటర్ విద్యార్థిని. అంటే పరీక్షలప్పుడు మౌస్ కూడా సరిగా పట్టుకోవడం రాని నేను కంప్యూటర్ పేపరు రాయాలి. కెమిస్ట్రీ పేపరు నాకివ్వరు. డిగ్రీలో కెమిస్ట్రీ లేకపోతే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అనే మాటే లేదు.

ఆఫీసులో క్లర్కు నాకు ఒక దరఖాస్తు ఫారం ఇచ్చాడు. "ఏం లేదమ్మా, రెండు నిమిషాల పని. మీ మెంటర్ సారు సిఫారసు చేసి సంతకం వెడితే, ప్రిన్సిపల్ సారు వెడతరు. నేను యూనివర్సిటీకి ఎక్కిస్త. పరీక్షల రిజిస్ట్రేషన్ బందు అయ్యేలోపల తే. మెంటర్ సంతకం లేంది మాత్రం నేను ముట్ట" అన్నాడు.

రెండు నిమిషాల పని. ఆ రోజు నా నోట్‌బుక్కులో ఇలా ఉంది: "ప్రభువా, రేపు మెంటర్ సార్ గదిలో ఉండేలా చెయ్యి."

సార్ గది ముందు అట్టకు ప్లాస్టిక్ తొడిగి ఒక ప్రకటన వేలాడదీశారు. 'విద్యార్థుల సలహా సమయం: సోమ, బుధ, శుక్రవారాలు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా.' ఇందులో ఒక్క చిన్న ఇబ్బంది ఉంది. సార్ హనుమకొండ నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేవారు. ఆయన తిరుగు బస్సు రెండుం బావుకు. కాబట్టి రెండింటికి సలహా మొదలయ్యేది, రెండుం బావుకు బస్సు కదిలేది. బస్టాండుకు ఆటోలో పది నిమిషాలు. మిగిలిన లెక్క మీరే చేసుకోండి.

ఆయన ఉన్నారో లేరో చెప్పే మనిషి అటెండర్ చాచా. ముప్పై ఏళ్లుగా అదే వరండాలో, అదే స్టూలు మీద కూర్చుని ఉన్న మనిషి. నేను మెట్లెక్కడం చూడగానే చెప్పేవాడు.

"డబ్బా ఉన్నదా సూడు బేటా. టిఫిన్ డబ్బా టేబుల్ మీద ఉంటే సార్ ఉన్నట్టు. డబ్బా లేదంటే హనుమకొండల ఉన్నట్టు."

మొదటి నాలుగుసార్లు డబ్బా లేదు. ఐదోసారి డబ్బా ఉంది, సార్ కూడా ఉన్నారు. ఫారం ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు, దొంగనోటును చూసినట్టు.

"కంప్యూటర్ వచ్చింది గదా, ఇంకేం గావాలె నీకు? అందరు గదే అడుగుతుండ్రు."

"నేను పెట్టింది కెమిస్ట్రీ సార్. క్లాసుకు గూడ అదే పోతున్న."

"ఎవలు పొమ్మన్నరు?"

సార్ వెనక్కి వాలి తన చదువు రోజుల గురించి చెప్పారు. ఆయన కాలంలో సబ్జెక్టులు ఎవరూ ఎంచుకోలేదట, వచ్చింది చదివారట, అందుకే ఇంతవారయ్యారట. ఎంతవారయ్యారో చూద్దామని నేను కుర్చీ వైపు చూశాను. కుర్చీకి ఒక చెయ్యి విరిగి ఉంది.

"ఇంతకు మీ బాపు ఏం జేస్తడు?"

"రైస్ మిల్లుల సార్."

"అవ్వ?"

"దవాఖానల ఆయా."

ఆయన ముఖం వెలిగింది. నాలుగు నెలల్లో ఆయన నాకిచ్చిన ఏకైక సలహా అప్పుడే వచ్చింది. "మరి గిదంత ఎందుకమ్మా? మీ చర్చోళ్లకు నర్సింగ్ అయితే మంచిగ నడుస్తది. నీ మొఖంల గూడ సేవ కనవడుతుంది."

నర్సు పని తక్కువది కాదు. మా అవ్వ చేతులు ఎంతమంది రోగుల పక్కలు మార్చాయో నాకు తెలుసు. అందుకే ఆ మాట సార్ నోటి నుంచి వస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఆయన గడియారం చూసుకుని డబ్బా సంచిలో వేసుకున్నారు.

"సంతకం సార్?"

"పెడ్త గని, జర లిస్టు సూడాలె. రేపు రా. ఫికర్ జెయ్యకు, నడుస్తది."

నడుస్తది. ఆ మాట నేను మొత్తం ఎన్నిసార్లు విన్నానో నోట్‌బుక్కులో ఉంది గానీ చెప్పను. ఒకమ్మాయి, చెవి సరిగా వినిపించదు, ముందు బెంచీలో కూర్చోనివ్వమని చెప్పండి సార్ అంటే నడుస్తది అన్నారు. ఒకబ్బాయి ల్యాబ్‌లో కుళాయి పనిచెయ్యడం లేదంటే నడుస్తది అన్నారు. కుళాయి తప్ప అందరం నిజంగానే నడిచాం. మేం తరగతికి, ఆయన బస్సుకు.

ఒక రోజు అటెండర్ చాచా నా మీద జాలిపడి అసలు సంగతి చెప్పాడు.

"ఊకె ఎందుకు తిరుగుతవ్ బేటా, పరేషాన్ అయితున్నవ్. గా లిస్టు రాసింది ఎవలనుకున్నవ్? సారే. తప్పు రాసింది సార్, తప్పయిందని సంతకం వెట్టాల్సింది గూడ సారే. పెడ్తడా?"

అప్పుడు నాకు అర్థమైంది. ఆ ఫారంలో ఒక గడి ఉంది, 'పొరపాటు ఎలా జరిగింది' అని. సార్ కళ్లు ఎప్పుడూ అక్కడి దాకా వచ్చి ఆగిపోయేవి. తన తప్పు తాను ఒప్పుకోవడం ఎంత కష్టమో నాకూ తెలుసు. మేం ప్రతి ఆదివారం ఆ పని చేస్తాం, అదీ బిగ్గరగా, అందరం కలిసి. ఆయనకు ఆ అలవాటు లేదు.

మరి శుక్రవారం కూడికలో ఏం చెప్పాలి? సార్ లిస్టు తప్పు రాశారు, దాచుకుంటున్నారు అంటే అది ఫిర్యాదు. అందుకని ప్రతి వారం మనవి మాత్రమే చదివేదాన్ని. "మా కాలేజిల ఒక సార్ ఉన్నరు. ఆయన సంతకం కోసం ప్రార్థన చెయ్యుండ్రి." కూడికలో అందరూ కళ్లు మూసుకునేవారు. ప్రార్థించేవారు. తర్వాతి వారం మళ్లీ అదే మనవి. మళ్లీ కళ్లు మూసుకునేవారు.

మా సంఘంలో ఒక పెద్దవ్వ ఉంది. నాట్లు వేసి వేసి నడుము వంగిపోయింది గానీ గొంతు మాత్రం వంగలేదు. ఆమె ప్రార్థిస్తుంటే వీధి చివర బండి ఆపుకుని వినేవాళ్లు. ఈ పెద్దవ్వ నా మనవిని ఐదు శుక్రవారాలు వింది. ఆరో శుక్రవారం ఆమె ప్రార్థన ఇలా సాగింది.

"తండ్రీ, గా సారు చెయ్యిని ముట్టు నాయనా. సదువుకున్న మనిషి, గీ వయసుల చెయ్యి పడిపోతే ఎట్ల బతుకుతడు? పెండ్లాం పిల్లలున్నరో ఏమో. అన్నం ఎట్ల తింటుండో ఏమో. గా ఏళ్లల్ల పానం పొయ్యి నాయనా!"

నేను కళ్లు తెరిచాను. చుట్టూ అందరూ ఆమెన్, ఆమెన్ అంటున్నారు. రెండు నెలలుగా ఒక మనిషి సంతకం పెట్టడం లేదంటే పెద్దవ్వ తన బుద్ధితో ఆలోచించింది. సంతకానికి ఎంతసేపు పడుతుంది? ఆమే వేలిముద్ర వేస్తే క్షణం పట్టదు. పక్కవాడి బిడ్డ బతుకు ఆగిపోతుంటే, చెయ్యి బాగున్న మనిషి ఎవడైనా పెట్టకుండా ఉంటాడా? ఉండడు. కాబట్టి చెయ్యి బాగాలేదు. ఇంతకంటే మంచి కారణం ఆమె తలలోకి రాలేదు, ఎందుకంటే ఇంతకంటే చెడ్డ మనిషిని ఆమె ఊహించలేదు.

ఆ సాయంత్రమే చెప్పాల్సింది. ఆమెన్ తర్వాత అందరూ టీ తాగుతుంటే చెబుదామనుకున్నాను. పెద్దవ్వ నా దగ్గరికొచ్చి "కుడిదా ఎడమదా బిడ్డా?" అని అడిగింది. "కుడిది పెద్దవ్వా" అన్నాను. సార్ సంతకం పెట్టేది కుడిచేత్తోనే. నేను అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. అవ్వ మాత్రం టీ గ్లాసు మీదుగా నన్నొక చూపు చూసింది.

నవంబరులో కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తుందని ప్రకటించారు. కాలేజీకి సున్నం పడింది. ల్యాబ్‌లో కుళాయి పనిచేసింది. సార్ డబ్బా పొద్దున తొమ్మిదికే టేబుల్ మీదికి వచ్చింది. ఒక రోజు ఆయనే నన్ను పిలిపించారు. నాలుగు నెలల్లో మొదటిసారి కూర్చోమన్నారు.

"నీ రాత ముత్యాల్లెక్క ఉంటదట గదా. నీ రికార్డు సూసిన."

ఒక పెద్ద రిజిస్టరు నా ముందుకు తోశారు. మెంటర్ రిజిస్టరు. పేజీ నిండా మూడు గడులు. విద్యార్థి సమస్య, ఇచ్చిన సలహా, ఫలితం. ముప్పై మంది పేర్లున్నాయి. గడులన్నీ తెల్లగా ఉన్నాయి, కొత్తగా సున్నం వేసిన గోడలా.

"ఏమన్న మంచిగ రాయి. ఒక్కొక్కలకు రెండు మూడు ముచ్చట్లు. అంత అయినంక రిజిస్టరు పట్కరా, నీ ఫారం గూడ పట్కరా. రెండు ఒక్కసారే చేసేద్దాం."

మా నోట్‌బుక్కుకీ ఆ రిజిస్టరుకీ ఎంత పోలికో చూడండి. అక్కరా, జవాబూ. తేడా ఏమిటంటే, మేం జవాబు వచ్చేదాకా కుడి పేజీ ముట్టుకోం.

నేను రాశాను. ఈ మాట దాచి ఇంతసేపూ సార్‌ను వెక్కిరిస్తే అది నాకు న్యాయం కాదు. రిజిస్ట్రేషన్ బందు కావడానికి వారం ఉంది. లైబ్రరీలో కూర్చుని పదకొండు పేర్లకు నా ముత్యాల రాతతో రాశాను. 'సమస్య: చదువులో ఏకాగ్రత లోపం. సలహా: వేకువనే లేచి చదవమని సూచించారు. ఫలితం: గణనీయమైన మార్పు.' చెవి వినిపించని అమ్మాయికి 'ముందు బెంచీ కేటాయించారు' అని రాశాను. ఆ అమ్మాయి అప్పుడు నాకు ఎదురుగానే, చివరి బెంచీ నుంచి రాసుకున్న సగం నోట్సు పూర్తి చేసుకుంటోంది. రాస్తుంటే నాకు సులువుగానే అనిపించింది. అదే నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి.

పన్నెండో పేరు మంథని వైపు నుంచి వచ్చే ఒకమ్మాయిది. దసరా సెలవుల తర్వాత ఆమె కాలేజీకి రాలేదు. పొద్దున బస్సు తీసేశారని, రెండు బస్సులు మారి వస్తే మొదటి క్లాసు పోతోందని, ఆలస్యంగా రావడానికి అనుమతి ఇప్పించమని సార్ దగ్గరికి మూడుసార్లు వచ్చింది. డబ్బా లేదు. ఇప్పుడు బట్టల షాపులో చీరలు మడతపెడుతోందని విన్నాం. ఆమె పేరు పక్కన ఫలితం గడిలో 'క్రమం తప్పకుండా హాజరవుతోంది' అని రాయాలి. పెన్ను పెట్టాను. రాయలేకపోయాను.

రిజిస్టరు తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాను.

"మిగిలినయి రాయను సార్. అబద్ధ సాక్ష్యం అయితది."

"సాక్ష్యం ఎవలడిగిండ్రు నిన్ను? రిజిస్టర్ అడిగిన."

"గామె వస్తలేదు సార్. వస్తుందని ఎట్ల రాయాలె?"

"ఓహో, గంత నిఖార్సయిన మనిషివా? అయితే నీ సంతకం గూడ గా పైవాన్నే అడుగుపో." ఆయన నవ్వారు. తన జోకు తనకు నచ్చింది.

అడగడం ఎప్పుడో మొదలుపెట్టామని ఆయనకు తెలియదు. మిగతా పేర్లు వేరే విద్యార్థితో రాయించారు.

ఆ శుక్రవారం కూడికకు నేను వెళ్లలేదు, తలనొప్పి అన్నాను. పదకొండు అబద్ధాలు రాసిన చేత్తో మనవి చదవడానికి మొహం చెల్లలేదు. నోట్‌బుక్కులో మాత్రం రాసుకున్నాను: "పదకొండు పేర్లకు లేనిది ఉన్నట్టు రాశాను. అది సరిచేసే దారి చూపించు." అవ్వ ఒక్కతే వెళ్లొచ్చింది. ఏం జరిగిందని అడిగితే "ఏముంటది, ప్రార్థన" అంది.

కమిటీ వచ్చింది సోమవారం. మంగళవారంతో రిజిస్ట్రేషన్ బందు. ఆ సోమవారం డిపార్ట్‌మెంట్ వరండాలో మమ్మల్ని వరుసగా నిలబెట్టారు. పన్నెండు గంటలకు మెట్ల మీద అలికిడి అయింది. కమిటీ అనుకుని అందరం సర్దుకున్నాం. వచ్చింది తెల్లచీరల వరుస. ముందు పెద్దవ్వ, వెనక సంఘం స్త్రీలు నలుగురు, చివర రొట్టె ప్యాకెట్, ఆపిల్ పండ్ల సంచి పట్టుకుని మా అవ్వ.

మా స్త్రీల సమాజం వాళ్లు నెలకోసారి రోగుల పరామర్శకు పోతారు. తెల్లచీరలు కట్టుకుని, రొట్టె, పండ్లు తీసుకుని, రోగి చుట్టూ నిలబడి పాట పాడి, చెయ్యి పట్టుకుని ప్రార్థిస్తారు. ఆ రోజు కరీంనగర్ ఆసుపత్రిలో మా సంఘపెద్దను చూడడానికి వచ్చారట. ఎలాగూ వచ్చాం కదా, ఇంకో రోగిని కూడా చూసిపోదామనుకున్నారు.

గుమ్మం దగ్గర అటెండర్ చాచా లేచి నిలబడి అడిగాడు. "ఎవలు గావాలె అమ్మా?"

"చెయ్యి పడిపోయిన సార్ ఏడున్నడు బిడ్డా?"

చాచా ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత పెద్దవ్వ వైపు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన అంత మర్యాదగా ఎవరికీ తలుపు తెరిచి ఉండడు. "లోపలికి పోండ్రి అమ్మా. డబ్బా ఉన్నది."

సార్ కొత్త చొక్కాలో, రిజిస్టర్లు పేర్చుకుని కమిటీ కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన ఏంది, ఎవలు అనేలోపే ఆరుగురూ చుట్టూ చేరారు. పెద్దవ్వ ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎంత సల్లగున్నదమ్మా చెయ్యి. రక్తం పారుతలేదు."

"ఏసీల ఉన్న గదా, గందుకే... అరే, వదులుండ్రి! ఎవలు మీరు?"

"గాబర పడకు కొడుకా. కండ్లు మూసుకో."

పాట మొదలైంది. పాట అయ్యాక ప్రార్థన. వీధి చివర బండ్లు ఆపే గొంతు ఆ చిన్న గదిలో ఎలా మోగిందో చెప్పలేను. సరిగ్గా అప్పుడు ప్రిన్సిపల్ సార్ ముగ్గురు కమిటీ సభ్యులను వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. లోపల తెల్లచీరల మధ్య మా సార్ నెత్తి మాత్రమే కనపడుతోంది.

"ఇదేమిటి?" అని కమిటీ మేడం అడిగింది.

ప్రిన్సిపల్ సార్ తడుముకోకుండా "కమ్యూనిటీ సేవా కార్యక్రమం మేడం" అన్నారు. ఆయన నిజంగా గట్టి మనిషి.

మేడం తెలుగామె. పెద్దవ్వ ఆమెన్ అనేదాకా మర్యాదగా ఆగి అడిగింది. "ఏమైందమ్మా ఈయనకు?"

"కుడి చెయ్యి పడిపోయిందమ్మా. మా పిల్ల కాయితం మీద సంతకం వెట్టనీకి మూడు నెల్ల సంది పాపం తిప్పలవడుతుండు. మేం ప్రతి శుక్రారం ఏడుస్తున్నం ఈయన కోసం."

మేడం "ఏ కాయితం?" అంది. అవ్వ నా వైపు చూసి గడ్డంతో సైగ చేసింది. నేను సంచిలోంచి ఫారం తీసి ఇచ్చాను. మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. మేడం దాని మీద తేదీ చూసింది. ఆగస్టు. తర్వాత టేబుల్ మీద రిజిస్టరు తెరిచి నా పేరు వెతికింది. నా పేరు ఎదురుగా ఏముందో నాకూ తెలియదు. ఆమె పైకి చదివింది.

"సమస్య: సబ్జెక్టు మార్పు. సలహా: వెంటనే తగిన చర్య తీసుకున్నారు. ఫలితం: విద్యార్థిని పూర్తి సంతృప్తి వ్యక్తం చేసింది."

"నా చెయ్యి మంచిగనే ఉన్నది మేడం" అన్నారు సార్. రుజువుగా ఎత్తి, వేళ్లు ముడిచి తెరిచి చూపించారు.

"మంచిది. అయితే పెట్టండి."

ఆకుపచ్చ పెన్నుతో సంతకం పెట్టారు. రెండు నిమిషాలు కాదు, రెండు సెకన్లు పట్టింది. పొరపాటు ఎలా జరిగింది అనే గడిలో మేడం చూస్తుండగా 'నమోదులో నా పొరపాటు' అని రాశారు. కలం ఆగగానే పెద్దవ్వ రెండు చేతులూ పైకెత్తింది.

"స్తోత్రం! లేచింది! సూడుండ్రమ్మా, చెయ్యి లేచింది!"

ఐదుగురు స్త్రీలు స్తోత్రం, స్తోత్రం అని అందుకున్నారు. వరండాలో ఎవరో చప్పట్లు కొట్టారు. అటెండర్ చాచాయే అని నా అనుమానం. ప్రిన్సిపల్ సార్ అక్కడికక్కడే సంతకం పెట్టారు. ఆ మధ్యాహ్నమే ఫారం యూనివర్సిటీకి ఎక్కింది.

మేడం వెళ్లిపోతూ ఒక్క క్షణం నా ముందు ఆగింది. ఆ రిజిస్టరులో మొదటి పదకొండు నేనే రాశానని అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను. చేతిలో ఫారం ఉంది, దాని మీద తడి ఆరని సంతకం ఉంది. నోరు మూసుకున్నాను.

తిరుగు బస్సులో పెద్దవ్వ పక్కన కూర్చుని అంతా చెప్పాను. చెయ్యి ముందు నుంచీ బాగానే ఉందని, తప్పు దాచుకోవడానికి పెట్టలేదని, ముందే చెప్పనందుకు క్షమించమని. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

"మూడు నెల్లు లేవని చెయ్యి ఇయ్యాల లేచింది గదా బిడ్డా" అంది. "పక్షవాతం అయితే మందన్న ఉంటది. గిది గంతకంటె పెద్ద రోగం. మంచిగ ప్రార్థన చేసినం పో."

ముందు సీట్లో అవ్వ కిటికీలోంచి బయటికి చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి. నీకు అంతా ముందే తెలుసా అని నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. సార్‌కు ఇవ్వాల్సిన ఆపిల్ పండ్లలో రెండు మాత్రం ఆమె సంచిలోనే మిగిలాయి. బస్సులో తలా ఒక ముక్క తిన్నాం.

నాకు కెమిస్ట్రీ దక్కింది. ఎమ్మెస్సీ కూడా అయింది. ఇప్పుడు ఒక బడిలో గాజు గొట్టం పట్టుకుని నిలబడుతున్నాను, అది చాలు.

ఆ డిగ్రీ మూడేళ్లూ సార్ నన్ను చూస్తే చాలు, పెన్ను తీసేవారు. నేను మళ్లీ ఆ తెల్లచీరలవాళ్లకు కబురు పెడతానని భయం. కమిటీ వచ్చిపోయిన మరుసటి వారమే నేను ఆయన దగ్గరికి పోయాను, రిజిస్టరులో నేను రాసిన పదకొండు వరుసలు కొట్టేయించడానికి. మంథని అమ్మాయికి అనుమతి చీటీ రాసివ్వమని అడగడానికి కూడా. టేబుల్ మీద నా నోట్‌బుక్ తెరిచిపెట్టి, ఆ పదకొండు పేర్ల గురించి రాసుకున్న మాట చూపించబోయాను. నేను నోరు విప్పక ముందే సార్ దాన్ని తన వైపు లాక్కుని, చదవకుండా, ఖాళీగా ఉన్న కుడి పేజీలో సంతకం పెట్టి నా ముందుకు తోశారు.

"అయిపోయింది గదా? ఇగ పో."

"సార్, గిది ఫారం కాదు. గా రిజిస్టర్ల..."

"రిజిస్టరు కమిటీ సూసింది, అయిపోయింది. నడుస్తది తియ్."

చీటీ సంగతి వినకుండానే డబ్బా సంచిలో వేసుకున్నారు. ఆ సాయంత్రం బట్టల షాపుకు పోయి ఆ అమ్మాయిని కలిశాను. కమిటీ సంగతి చెబితే కడుపుబ్బ నవ్వింది. కాలేజీకి మళ్లీ వస్తావా అంటే, మడత పెడుతున్న చీర ఆపకుండా, తల అడ్డంగా ఊపింది.

ఆ పేజీ ఇప్పటికీ ఉంది. ఎడమ పక్క నా తప్పు, కుడి పక్క సార్ ఆకుపచ్చ సంతకం. నోట్‌బుక్ మొత్తంలో తేదీ లేని జవాబు అదొక్కటే. నేను వెయ్యలేదు.